కాస్త అంటుకుంటే కదులుతాయి, మరీ అంటుకుంటే బిగుస్తాయి

పాఠకుల ప్రశ్నలకు ఒక పెయింట్ కెమిస్ట్ జవాబులు

ఉద్యోగమంతా జీడిమెట్లలో ఒక పెయింట్ ఫ్యాక్టరీ ల్యాబ్‌లోనే గడిచింది కాబట్టి నాకు వచ్చే ఉత్తరాల్లో సగం గోడల గురించే ఉంటాయి. ఈసారి విశాఖ నుంచి ఒక ఫిజిక్స్ ప్రశ్న వచ్చింది. దానికి జవాబు రాస్తుంటే ఫైల్లో పడి ఉన్న మరో మూడు ఉత్తరాలు గుర్తొచ్చాయి. అన్నిటికీ చుట్టరికం ఉంది. మొదటిదానికి చోటు ఎక్కువ పట్టింది, మిగతావాళ్లు ఏమీ అనుకోవద్దు.

ప్రశ్న: మేడమ్, నేను ఎమ్మెస్సీ ఫిజిక్స్ రెండో ఏడాది చదువుతున్నాను. సెమినార్ కోసం కొలాయిడ్ గాజుల మీద ఒక పేపర్ ఇచ్చారు. కిక్కిరిసి కదలకుండా బిగుసుకుపోయిన రేణువుల మధ్య కొంచెం ఆకర్షణ పెడితే అవి మళ్లీ కదలడం మొదలుపెట్టాయట. అంటుకునే గుణం ఇస్తే ఇంకా బిగుసుకోవాలి కదా? పోనీ ఆకర్షణ ఇంకాస్త పెంచితే మళ్లీ బిగుసుకున్నాయట. సమీకరణాలు చూస్తే అర్థమైనట్టే ఉంటుంది, పుస్తకం మూస్తే ఏమీ మిగలడం లేదు. ఎవరైనా ప్రశ్న అడిగితే ఏం చెప్పాలో అని టెన్షన్‌గా ఉంది.
— ఒక విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: టెన్షన్ వద్దమ్మా. సమీకరణాలు కాసేపు పక్కన పెట్టు. ముందు ఆ సీసాలో ఏముందో చూద్దాం.

కొలాయిడ్ అంటే ద్రవంలో తేలుతూ ఉండే అతి చిన్న రేణువుల మిశ్రమం. ఈ ప్రయోగాల్లో ఎక్కువగా వాడేవి పాలిమిథైల్ మెథాక్రిలేట్ రేణువులు. సైన్‌బోర్డులకు వాడే అక్రిలిక్ షీటు ఉంటుంది చూడు, అదే ప్లాస్టిక్. దాన్ని గుండ్రటి రేణువులుగా, అన్నీ దాదాపు ఒకే సైజులో ఉండేలా తయారుచేస్తారు. వ్యాసం అర మైక్రాన్‌కి అటూ ఇటూ. ఒక్కో రేణువు ఒంటి నిండా పది నానోమీటర్ల నూగు ఉంటుంది. రెండు రేణువులు ఒకదానికొకటి అతుక్కుపోకుండా కాపాడేది ఆ నూగే. దాన్ని 12-హైడ్రాక్సీ స్టియరిక్ ఆమ్లంతో చేస్తారు. ఆ ఆమ్లం ఆముదం నుంచి వస్తుంది. మన పాలమూరు, నల్లగొండ మెట్టపొలాల్లో పండుతుందే, ఆ ఆముదానికి హైడ్రోజన్ పట్టిస్తే తయారయ్యే సరుకు. ఈ ముక్క నీ సెమినార్‌కి అక్కర్లేదు కానీ, పెద్ద పెద్ద జర్నళ్లలో ఆ పేరు కనిపించినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది.

ఈ రేణువులను డెకాలిన్ లాంటి ద్రవంలో కలుపుతారు. ద్రవమూ ప్లాస్టిక్కూ కాంతిని దాదాపు ఒకే మోతాదులో వంచేట్టు చూసుకుంటారు, లేకపోతే సీసా తెల్లగా మసకబారి లోపల జరిగేది కనిపించదు. ఇలాంటి రేణువుల మధ్య ఆకర్షణ ఉండదు. ఒకదానిలోకి ఒకటి దూరలేవు, అంతకు మించి వాటి మధ్య ఏ లావాదేవీ లేదు. వేడి చేసినా చల్లార్చినా వాటి అమరికలో చెప్పుకోదగ్గ తేడా రాదు. మన చేతిలో ఉన్నది ఒక్కటే: సీసాలోని చోటులో ఎంత శాతం రేణువులతో నింపామన్నది.

1986లో పీటర్ ప్యూసీ, విలియం వాన్ మెగెన్ ఈ శాతాన్ని మెల్లగా పెంచుకుంటూ పోయి, చూసినదాన్ని 'నేచర్'లో అచ్చేశారు. ప్యూసీ అప్పట్లో ఇంగ్లండ్‌లోని మాల్వెర్న్‌లో, రాడార్ల పరిశోధన సంస్థలో ఉండేవాడు. వాన్ మెగెన్‌ది మెల్‌బోర్న్. సీసాలు వరసగా పెట్టి, బాగా కలిపి, కదపకుండా వదిలేశారు. 49.4 శాతం దాకా ద్రవమే, అంటే రేణువులు ఇష్టం వచ్చినట్టు తిరుగుతుంటాయి. అక్కడి నుంచి 54.5 దాకా ద్రవమూ, రేణువులు వరసలు కట్టిన స్ఫటికమూ ఒకే సీసాలో కలిసి ఉంటాయి. ఆ పైన అంతా స్ఫటికమే. స్ఫటికంలో రేణువుల వరసల మధ్య ఎడం కాంతి తరంగదైర్ఘ్యానికి దగ్గరగా ఉంటుంది కాబట్టి, దీపం వెనక పెట్టి చూస్తే ఆకుపచ్చ, ఎరుపు, నీలం తళుకులు కనిపిస్తాయి. ఆ సీసాల వరస ఫొటో ఇప్పటికీ పాఠాల్లో చూపిస్తారు. 58 శాతం దగ్గరికి వచ్చేసరికి తళుకులు ఆగిపోయాయి. రేణువులు చిందరవందరగానే ఉన్నాయి, అయినా చోటు మారడం లేదు. దాన్నే కొలాయిడ్ గాజు అంటున్నాం.

ఇక్కడొక్క నిమిషం ఆగు. రేణువులను పద్ధతిగా పేరిస్తే 74 శాతం దాకా పడతాయి. పేర్చకుండా గుమ్మరించినా 64 దాకా పడతాయి. అంటే 58 దగ్గర సీసాలో ఖాళీ ఇంకా చాలా ఉంది. ఆ ఖాళీ ఎవరికీ పనికిరాని చిల్లరగా, రేణువుకింత చొప్పున పంచేసి ఉంది. చిక్కంతా అక్కడే. నీ ప్రశ్నకు జవాబు కూడా అక్కడే.

సంక్రాంతి ముందురోజు విజయవాడ బస్టాండులో ఎక్కిన ఆర్టీసీ బస్సు ఊహించుకో. నిలబడ్డవాళ్లంతా ఒకరికొకరు కొత్తవాళ్లు. ఎవరికి వాళ్లు బెత్తెడు ఎడం పెట్టుకుని నిలబడ్డారు. ఖాళీ మొత్తం కూడితే ఇద్దరు ముగ్గురికి సరిపోతుంది, కానీ ఒక్క మనిషి దూరేంత సందు ఎక్కడా లేదు. కండక్టరు ముందే ఇరుక్కుపోయాడు. ఇప్పుడు అదే బస్సు, అంతే జనం, కాకపోతే ఈసారి తెలిసినవాళ్లున్నారు, ఎవరివాళ్ల పక్కకు వాళ్లు జరిగి చేతులు పట్టుకున్నారు. బెత్తెళ్లన్నీ ఒకచోట చేరి ఒక దారి తెరుచుకుంది, కండక్టరు టికెట్లు కొట్టుకుంటూ వెనకదాకా వచ్చేశాడు. అలా జరిగినవాళ్లు కాసేపటికి చేతులు వదిలి ఇంకొకరి పక్కకు పోతుంటేనే ఆ దారులు ఎప్పటికప్పుడు మారుతూ అందరికీ వంతు వస్తుంది. పట్టుకున్న చెయ్యి ఎవరూ వదలకపోతే? సందులు ఉన్నచోటే ఉంటాయి, మనుషులు ఉన్నచోటే ఉంటారు. నీ పేపర్‌లోని మూడు సీసాలు ఇవే.

ఇక అసలు లెక్క. ఆకర్షణ లేని గాజులో ప్రతి రేణువూ పొరుగువాటి పంజరంలో ఉంటుంది. పంజరం లోపల తన వ్యాసంలో పదోవంతు దాకా అటూ ఇటూ ఊగుతుంది. కొంచెం ఆకర్షణ పెట్టగానే కొన్ని పొరుగు రేణువులు ఒకవైపు దగ్గరకు జరుగుతాయి, ఇంకోవైపు సందు పడుతుంది. రేణువు ఆ సందులోంచి బయటపడుతుంది. కొంచెం అంటే ఎంత? గది ఉష్ణోగ్రత దగ్గర రేణువుకి సహజంగా ఉండే కదలిక శక్తితో పోల్చదగినంత. బంధం తెగుతూ, మళ్లీ కుదురుతూ ఉండాలి. ఆకర్షణ దానికి చాలా రెట్లయితే బంధం తెగడం అరుదైపోతుంది. అప్పుడు రేణువు ఊగేది ఆకర్షణ పరిధిలోనే, అంటే వ్యాసంలో నూటికి కొద్ది వంతులు. ఇది రెండో రకం గాజు. మొదటిదానిలో పంజరం ఆపింది, రెండోదానిలో బంధం ఆపింది.

ఇంతకీ ఆకర్షణ ఎక్కడి నుంచి తెచ్చారన్నది నాకు చాలా ఇష్టమైన భాగం. జిగురేమీ పూయలేదు. ద్రవంలో కాస్త పాలీస్టైరిన్ కరిగించారు. ఆ పాలిమర్, అంటే పొడవాటి గొలుసులాంటి అణువు, చుట్టుకుపోయి చిన్న ఉండలా తేలుతూ ఉంటుంది, రేణువుకి అంటుకోదు. ఉండ కేంద్రం రేణువుకి మరీ దగ్గరగా రాలేదు కాబట్టి, ప్రతి రేణువు చుట్టూ ఉండలకు ప్రవేశం లేని పలుచటి పొర ఒకటి ఏర్పడుతుంది. రెండు రేణువులు దగ్గరైతే ఆ పొరలు ఒకదాని మీద ఒకటి పడతాయి, ఉండలకు తిరిగే చోటు పెరుగుతుంది. రెండు రేణువుల నడుమ ఉండలు లేవు, బయట ఉన్నాయి. బయటి ఒత్తిడి ఆ రెండిటినీ దగ్గరకు నెడుతుంది. దూరం నుంచి చూసేవాళ్లకు అవే ఆకర్షించుకున్నట్టు ఉంటుంది. ఈ సంగతి 1954లో జపాన్‌లోని నగోయాలో అసకురా, ఓసావా లెక్కగట్టి చెప్పారు. ఇందులో ఇంకో వాటం ఉంది. పాలిమర్ ఎంత పెద్దదైతే ఆకర్షణ అంత దూరం పనిచేస్తుంది, ఎంత ఎక్కువ వేస్తే అంత బలంగా పనిచేస్తుంది. పరిధి వేరుగా, బలం వేరుగా మన ఇష్టం వచ్చినట్టు మార్చుకోవచ్చు. మామూలు అణువులతో ఈ సౌకర్యం ఎక్కడిది?

నీకిచ్చిన పేపర్ బహుశా 2002లో 'సైన్స్'లో వచ్చినదో, దాని తరవాతిదో అయి ఉంటుంది. ఎడిన్‌బరోలో విల్సన్ పూన్ బృందం చేసిన ప్రయోగం. మొదటి పేరు ఫామ్‌ది, అందులో ప్యూసీ కూడా ఉన్నాడు. రేణువు వ్యాసార్థం సుమారు 200 నానోమీటర్లు, పాలిమర్ ఉండ దానిలో పదోవంతుకు లోపు. నింపింది 60 శాతం దగ్గర, అంటే మామూలుగా ఖచ్చితంగా గాజు అయ్యే చోట. పాలిమర్ లేని సీసాలో తళుకు లేదు. కాస్త వేసిన సీసాల్లో స్ఫటికాల తళుకులు వచ్చాయి. ఇంకా వేసిన సీసాల్లో మళ్లీ లేవు. రేణువులు కదిలితేనే వరసలు కట్టగలవు, వరసలు కడితేనే తళుకు. కాబట్టి కంటితో చూసే చెప్పేయొచ్చు, కదిలిందా లేదా అని. సెమినార్‌లో ఈ ఒక్క స్లైడు దగ్గర నిలబడి తాపీగా చెప్పు, మిగతాదంతా దాని వెనకే వస్తుంది.

కంటిని నమ్మనివాళ్ల కోసం లేజర్ ఉంది. సీసాలోంచి చెదిరిన కాంతి మినుకుమినుకులో రేణువుల పాత అమరిక తాలూకు జ్ఞాపకం ఎంతసేపటికి పోతుందో కొలుస్తారు. మధ్య సీసాల్లో జ్ఞాపకం పూర్తిగా పోయింది. రెండు కొసల సీసాల్లో పోలేదు. ఆకర్షణ గాజులో నిలిచిపోయిన భాగం పంజరం గాజులో కంటే చాలా ఎక్కువ, దాదాపు మొత్తం. రేణువు ఊగే చోటు తగ్గిందని అన్నాను కదా, ఆ మాటే ఇక్కడ అంకెగా కనిపిస్తుంది.

సిద్ధాంతం ముందే చెప్పింది, ఇది కూడా చెప్పు. 1999లో బెర్గెన్‌హోల్ట్జ్, ఫుక్స్ ఒకవైపు, ఇటలీలో షోర్టీనో, టార్టాలియా వాళ్లు మ్యూనిక్ గోట్జేతో కలిసి ఇంకోవైపు, రేణువుల కదలిక ఎక్కడ ఆగుతుందో లెక్కగట్టే మోడ్-కప్లింగ్ సిద్ధాంతంతో, ద్రవానికీ గాజుకీ మధ్య హద్దును ఇలా వంపు తిరిగే గీతగా గీశారు. ఆకర్షణ పరిధి చిన్నదైతేనే ఆ వంపు వస్తుంది. పరిధి పెరిగితే రెండు గాజుల మధ్య తేడా చెరిగిపోతుంది. ఇదే సిద్ధాంతం ఆకర్షణ లేని రేణువుల గాజు 51.6 శాతం దగ్గరే వస్తుందంటుంది, అసలు వచ్చేది 58 దగ్గర. ఎవరైనా దీన్ని పట్టుకుని నిలదీస్తారు. అంకె తప్పింది, గీత ఆకారం తప్పలేదు అని ధైర్యంగా చెప్పు. నా మట్టుకు నేను సిద్ధాంతాల్లో ఆకారానికే ఎక్కువ మార్కులు వేస్తాను.

నాలాంటి ల్యాబ్ మనిషికి నచ్చేది మరొకటి ఉంది. రెండు గాజులూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, కానీ కదిపితే వేరు వేరుగా లొంగుతాయి. పంజరం గాజును నెమ్మదిగా వంచితే, అంటే ఒక పక్కకు జరుపుతూ ఆకారం మారిస్తే, పది పదిహేను శాతం వంపు దగ్గర ఒక్కసారి లొంగి పారడం మొదలుపెడుతుంది. ఆకర్షణ గాజు ముందు కొద్ది శాతం దగ్గర ఒకసారి లొంగుతుంది, అక్కడ బంధాలు తెగుతాయి. తరవాత చాలా దూరం వంచాక రెండోసారి లొంగుతుంది, అక్కడ పంజరాలు విరుగుతాయి. ఎడిన్‌బరోవాళ్లే గ్రీసువాళ్లతో కలిసి 2006లో ఇది చూపించారు. పెయింటు కలిపే కర్రకి తెలిసే తేడా ఇది.

ఇక నిన్ను ఇరుకున పెట్టగల ప్రశ్నలు రెండు. ఒకటి, ఆ శాతాలు ఎంతవరకు నమ్మొచ్చు? రేణువు మీద నూగు ఉంది, అది కూడా చోటు తీసుకుంటుంది, సైజుల్లో తేడాలుంటాయి. 2012లో పూన్, వీక్స్, రాయల్ ఈ సంగతి మీదే ఒక వ్యాసం రాశారు, 3 నుంచి 6 శాతం తేడా తప్పించుకోలేమని. 58 అని ఎవరైనా గట్టిగా అంటే, ఎలా కొలిచారని నువ్వే ఎదురు అడగొచ్చు. రెండోది, బంధం ఎంత బలమైనదైనా ఎప్పుడో ఒకప్పుడు తెగుతుంది కదా, మరి ఆకర్షణ గాజు నిజంగా గాజేనా? ఇది మంచి ప్రశ్న. 2009లో జక్కరెల్లి, పూన్ అంతకు ముందు చేసినవాటికంటే చాలా ఎక్కువ కాలం కంప్యూటర్‌లో నడిపి, బంధం పట్టు, పంజరం పట్టు వేరుచేసి చూపాలంటే అంత ఓపిక కావాలని తేల్చారు. తొందరపడి చూస్తే అంతా గాజులాగే కనిపిస్తుంది.

మన దేశం నుంచి ఒక ఉదాహరణ కావాలంటే బెంగళూరు జవహర్‌లాల్ నెహ్రూ సెంటర్‌లో రాజేశ్ గణపతి బృందం 2013లో చేసింది చూడు. గుండ్రటివి కాకుండా కోలగా ఉన్న రేణువులు తీసుకున్నారు. ఆకర్షణ లేనప్పుడు అవి జరగడం, తిరగడం రెండూ ఒకే దగ్గర ఆగాయి. మధ్యస్థంగా ఆకర్షణ పెడితే ఒకటి ఒకచోట, రెండోది వేరేచోట ఆగాయి. గాజుల మీద కంప్యూటర్ పని చేసేవాళ్లు హైదరాబాద్ టాటా ఇన్‌స్టిట్యూట్‌లోనూ ఉన్నారు. ఎమ్మెస్సీ అయ్యాక ఏం చేయాలా అని ఆలోచిస్తుంటే అటువైపు ఒకసారి చూడమ్మా.

ప్రశ్న: అక్కయ్యగారూ, నేను పెయింటింగ్ కాంట్రాక్టులు చేస్తాను. ఈమధ్య గోదాములో ఎండాకాలమంతా ఉన్న ఎమల్షన్ బకెట్ తెరిస్తే పైన నాలుగు వేళ్ల మందాన పల్చటి నీళ్లు, కింద చిక్కటి ముద్ద. షాపువాడు కలుపుకుని కొట్టుకోమంటాడు, ఇంటి ఓనరు కల్తీ సరుకు అంటాడు. నీళ్లు వంపేసి వాడుకోవచ్చా?
— ఒక కాంట్రాక్టరు, వరంగల్

జవాబు: నీళ్లు వంపొద్దు తమ్ముడూ. ఆ నీళ్లలోనే చిక్కదనం ఇచ్చే మందు కరిగి ఉంది. వంపేస్తే మిగిలినది రోలరుకి ఎక్కదు, మళ్లీ నువ్వు నల్లా నీళ్లు పోస్తావు, అప్పుడు నిజంగానే కల్తీ అవుతుంది.

ఎమల్షన్‌లో అక్రిలిక్ రేణువులు, తెల్లరంగు పొడి, సుద్దపొడి నీళ్లలో తేలుతూ ఉంటాయి. చిక్కగా ఉండడానికి చాలా కంపెనీలు సెల్యులోజ్ థిక్నర్ వేస్తాయి, ఫ్యాక్టరీలో హెచ్.ఈ.సి. పౌడర్ అంటాం. అది అక్రిలిక్ రేణువుకి అంటుకోదు, నీళ్లలోనే ఉంటుంది. విశాఖ అమ్మాయికి పాలీస్టైరిన్ గురించి చెప్పానే, ఇక్కడ హెచ్.ఈ.సి. చేసేది కూడా ఆ పనే. బయట నుంచి నెట్టి రేణువులను గుంపులు కట్టిస్తుంది. ఆ గుంపులు ఒకదానికొకటి తగిలి డబ్బా నిండా ఒక వల అల్లుకుంటుంది. మోతాదు కుదిరితే ఆ వల మంచిదే, బరువు పొడి అడుగున గట్టిపడకుండా పట్టి ఉంచుతుంది. ఎక్కువైతే మెరుపు తగ్గుతుంది. వల కూడా తన బరువుకి తానే కుంగి, నీళ్లను పైకి పిండేస్తుంది. వేడికి, నెలల నిల్వకి ఇంకా త్వరగా.

గంటలో కుంగేది కూడా కాదు. ఎంతోకాలం ఏమీ జరగనట్టు నిలబడి ఒక్కసారి జారిపోతుంది. ఎడిన్‌బరోలో ఇలాంటి వలలు సీసాలో ఆలస్యంగా కూలడం మీద ప్రత్యేకంగా పనిచేశారు. ల్యాబ్‌లో మేం కొత్త సరుకు ప్రతిదాన్నీ ఓవెన్‌లో వారాల తరబడి పెట్టేది దీనికోసమే. చిక్కదనం కొలిచే స్టోర్మర్ యంత్రం మీద మొదటిరోజు రీడింగు బ్రహ్మాండంగా ఉన్న బ్యాచ్ కూడా ఓవెన్‌లోంచి తీసేసరికి పైన నీళ్లు తేలి కనిపించేది. మెరుపు రంగుల్లో అందుకే ఆ పౌడర్ తగ్గించి, రేణువుకే అతుక్కునే ఇంకో రకం థిక్నర్ వాడతారు. ధర ఎక్కువ.

నువ్వు చేయాల్సింది: వెడల్పాటి చెక్క పట్టీతో అడుగు నుంచి పైకి తోడుతూ కలుపు. డ్రిల్లుకి బ్లేడు పెట్టి స్పీడుగా తిప్పితే నురగ పడుతుంది. మొత్తం ఒకేలా వచ్చి, పాత బనీను గుడ్డలో వడపోస్తే గడ్డలు మిగలకపోతే నిశ్చింతగా కొట్టు. రెండు చోట్ల మాత్రం ఆగు. గడ్డలు వేలితో నలిపినా నలగకపోతే ఆ రేణువులు ఇక విడిపోవు. కుళ్లు వాసన వస్తే బాక్టీరియా సెల్యులోజ్‌ని తినేసిందని అర్థం, ఎంత కలిపినా చిక్కబడదు. ఈ రెండిట్లో ఏదున్నా బిల్లు తీసుకుని బకెట్ వెనక్కి ఇచ్చేయ్.

ప్రశ్న: అమ్మా, యూరప్‌లో పాత చర్చిల కిటికీ అద్దాలు కింది భాగం మందంగా ఉంటాయనీ, గాజు వందల ఏళ్లుగా మెల్లగా కిందికి పారడమే కారణమనీ పిల్లలకు చెబుతూ వచ్చాను. మనవడు ఫోన్‌లో చూసి తప్పంటున్నాడు.
— రిటైర్డ్ హెడ్మాస్టరు, తెనాలి

జవాబు: మనవడిదే ఒప్పు మాస్టారూ. ఆ రోజుల్లో అద్దాన్ని ఊది, తిప్పి పలక చేసేవాళ్లు, మందం సమంగా వచ్చేది కాదు. బరువు వైపు కిందికి పెట్టి బిగించడం సహజం. పైభాగం మందంగా ఉన్న పాత అద్దాలూ ఉన్నాయి. బ్రెజిల్‌కి చెందిన జనోట్టో 1998లో లెక్కవేస్తే, మామూలు వాతావరణంలో కిటికీ గాజు కంటికి కనిపించేలా పారడానికి విశ్వం వయసు కూడా చాలదని తేలింది.

కొలాయిడ్ గాజుకైతే అంత ఓపిక అక్కర్లేదు, దాని కాలం సెకన్ల నుంచి నెలల దాకానే. పైగా దానిమీద భూమి గురుత్వాకర్షణ కూడా పనిచేస్తుంది. 61.9 శాతం నింపిన సీసా ఒకటి భూమి మీద ఏడాది దాటినా స్ఫటికం కాలేదు. అలాంటిదాన్నే కొలంబియా స్పేస్ షటిల్‌లో అంతరిక్షంలోకి తీసుకెళ్తే రెండు వారాల లోపే స్ఫటికమైంది. 1997లో 'నేచర్'లో వచ్చిన సంగతి ఇది. మనవడికి చెప్పండి, వాడు ఇది ఫోన్‌లో చూసి ఉండడు.

ప్రశ్న: నమస్తే మేడమ్. మా అమ్మకి 52 ఏళ్లు, చత్వారం వచ్చింది. కంటి లోపలి కటకం గట్టిపడుతుందని డాక్టరు చెప్పారు. మీరు పాత సంచికలో ఒకసారి 'ప్రొటీన్లు కూడా కొలాయిడ్లే' అని రాశారు. అయితే కన్ను కూడా గాజు అవుతోందా?
— ఒక పాఠకురాలు, నిజామాబాద్

జవాబు: మీరు అనుకున్నంత వింత ప్రశ్న కాదమ్మా ఇది, ఇదే ప్రశ్న పెట్టుకుని పనిచేసినవాళ్లున్నారు. కటకం నిండా క్రిస్టాలిన్ అనే ప్రొటీన్లు చాలా చిక్కగా ఉంటాయి. ఒకసారి ఆ కణాలు తయారయ్యాక లోపలి ప్రొటీన్ స్థానంలో కొత్తది జీవితాంతం రాదు. ఆల్ఫా రకం క్రిస్టాలిన్ పెద్దది, ఆకర్షణ లేని గట్టి గోళంలా ప్రవర్తిస్తుంది. 2014లో దాన్ని విడిగా తీసి చిక్కబరిచి చూస్తే, దాదాపు ఆ 58 శాతం దగ్గరే కదలిక ఆగింది. ప్లాస్టిక్ రేణువుకీ ఆవు కంటి ప్రొటీన్‌కీ ఒకే అంకె రావడం చూసి నేను ఆ పేజీ రెండుసార్లు చదివాను. దీన్నిబట్టి చత్వారానికి ఇదొక్కటే కారణం అనలేం. కటకంలో ఉన్నది ఒక్క ఆల్ఫానే కాదు.

ఆల్ఫాకి తోడుగా గామా రకం ఉంటుంది. గామాలు తమలో తాము ఆకర్షించుకుంటాయి, వదిలేస్తే గుంపులు కట్టి విడిపోతాయి. కటకం అప్పుడు మసకబారుతుంది. 2007లో స్విట్జర్లాండ్‌లోని ఫ్రైబూర్గ్ బృందం ఈ రెండిటి మిశ్రమాన్ని న్యూట్రాన్లతో పరీక్షించింది, కంప్యూటర్‌లోనూ నడిపింది. ఆల్ఫాకీ గామాకీ మధ్య ఒక బలహీనమైన ఆకర్షణ ఉందని, మిశ్రమాన్ని తేటగా ఉంచుతున్నది అదేనని తేలింది. ఆ ఆకర్షణ కాస్త తగ్గినా, కాస్త పెరిగినా మిశ్రమం నిలవడం లేదు.

శుక్లం వేరు, చత్వారం వేరు. మీ అమ్మగారిది చత్వారమే అయితే దగ్గరి చూపుకు కళ్లద్దాలు చాలు. నంబరు కొన్నేళ్లపాటు మెల్లగా పెరుగుతుంది, కాబట్టి ఏడాదికోసారి చూపించండి. చదివేటప్పుడు కాకుండా దూరపు చూపు మసకగా ఉన్నా, రాత్రిపూట ఎదురుగా వచ్చే బండి లైట్ల చుట్టూ వలయాలు కనిపిస్తున్నా, ఏడాది దాకా ఆగకుండా వెంటనే తీసుకెళ్లండి.